యాభై ఐదు కేజీల ఉపవాసం

నా కిడ్నీలు ఇప్పుడు బాగానే పనిచేస్తున్నాయి. ఆ సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్ళు కంగారు పడకుండా చదువుతారని మొదట్లోనే రాస్తున్నాను. ఆర్నెల్లకోసారి తెనాలి వెళ్ళి రక్తం ఇచ్చి వస్తాను. డాక్టరుగారు కాగితం చూసి తలూపుతారు. తిరుగు రైల్లో జామకాయలు కొనుక్కుని తింటూ రేపల్లె వచ్చేస్తాను. ఒంట్లో అంతా సర్దుకున్నట్టే. సర్దుకోనిది ఇంకొకటుంది. నాలుగేళ్ళ కిందట నాకు జరిగినదానికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇంకా తేలలేదు. ఒక్కోరోజు ఒక్కొక్కరి మీద వస్తుంది. రాసుకుంటే తేలుతుందేమోనని కూర్చున్నాను. పిల్లల్ని ఆటలకు పంపే అమ్మానాన్నలకు ఏమన్నా పనికొస్తే అదీ మంచిదే.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. రేపల్లెలో తొమ్మిదో తరగతి. నాన్న మండలాఫీసులో గుమాస్తా. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, మాతోనే ఉంటుంది. ఆవిడకి షుగరు, మోకాళ్ళ నొప్పులు, చర్చి. మాట్లాడితే ఈ మూడింటి గురించే మాట్లాడుతుంది. నేను మాట్లాడితే కబడ్డీ గురించి మాట్లాడేదాన్ని.

కూతకు వెళ్ళడమంటే ఒక్క ఊపిరి మీద, అవతలి జట్టు మొత్తం మధ్యకి ఒక్కదాన్నే పోయి, ముట్టుకుని వెనక్కి రావడం. నా కూత పెద్దది. ఇంట్లో గట్టిగా మాట్లాడితే ‘ఆడపిల్లవి, మెల్లగా’ అనే మామ్మే, సాయంత్రం గ్రౌండు గోడ పక్కన నడుస్తూ నా కూత విని ‘మా పిల్లదే’ అని తోడొచ్చినావిడకి చెప్పేదట.

మాకు నేర్పే సార్ ఒకప్పటి ఆటగాడు. స్కూలువాళ్ళు సాయంత్రాలు గ్రౌండు ఇచ్చారు, ఆయన పదిహేనుమంది ఆడపిల్లల్ని పోగేశారు. గోడెక్కి ఈలలేసే వాళ్ళని వెంటపడి తరిమేవారు. చీకటి పడే వేళకి ఒక్కొక్కర్నీ ఇంటి గుమ్మం దగ్గర వదిలాకే తన ఇంటికి పోయేవారు. ఇవన్నీ రాయకపోతే ఆయనకి అన్యాయం చేసినట్టుంటుంది, రాస్తే నాకు నేను చేసుకున్నట్టుంటుంది. అయినా రాస్తున్నాను.

ఫిబ్రవరి నెలాఖరు, రేపల్లె

బాపట్లలో జిల్లా జట్టుకి సెలక్షన్లు ఉన్నాయన్నారు. మా వయసు వాళ్ళ జట్టులో బరువు యాభై ఐదు కేజీలు దాటకూడదు. సార్ మమ్మల్ని తనకు తెలిసిన వాళ్ళ రొయ్యల షెడ్డుకి తీసుకెళ్ళారు. రొయ్యల టబ్బులు తూచే కాటా మీద మమ్మల్ని వరసగా నిలబెట్టారు. షెడ్డంతా నీచు వాసన. నా వంతు వచ్చేసరికి కాటా యాభై తొమ్మిది చూపించింది.

సార్ తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంటికెళ్ళి అమ్మతో చెప్పుకునేదాన్ని. నవ్వారు.

“నాలుగు కేజీలు. పద్దెనిమిది రోజులుంది. అవుద్దిలే.”

“అన్నం మానేస్తే మా ఇంట్లో ఊరుకోరు సార్.”

“ఇంట్లోవాళ్ళని కంగారు పెట్టమాకు. ఏదోటి చెప్పుకో. జట్టులోకి వచ్చాక వాళ్ళే సంతోషిస్తారు.”

ఏదోటి చెప్పుకో అన్నారు. ఏం చెప్పాలో ఆయన చెప్పలేదు. అది నేనే కనిపెట్టాను, ఆ విషయంలో నాకు సందేహం లేదు.

అప్పటికి శ్రమల దినాలు మొదలై వారమైంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఈస్టరుకి ముందు నలభై రోజులు మా చర్చిలో చాలామంది ఉపవాసాలుంటారు. కొందరు శుక్రవారాలు, కొందరు ఒంటిపూట, కొందరు మాంసం మానేసి ఊరుకుంటారు. పిల్లల్ని ఎవరూ ఉండమనరు. ఆ రోజు ఇంటికెళ్ళి, చెప్పులు విప్పుతూనే అన్నాను.

“మామ్మా, ఈ ఏడు నేను కూడా ఉపవాసం ఉంటా. ఈస్టరు దాకా.”

మామ్మ కళ్ళు తుడుచుకుంది. నా తల మీద చెయ్యి పెట్టి అప్పటికప్పుడు ప్రార్థన చేసింది. నేను కళ్ళు మూసుకుని యాభై తొమ్మిదిలోంచి యాభై ఐదు తీసేసుకుంటూ కూర్చున్నాను.

అమ్మకి మాత్రం నచ్చలేదు. “ఎదిగే పిల్ల. శుక్రవారాలుంటే చాల్దా అత్తయ్యా?” అంది.

“దేవుడి పని మీదున్న పిల్లని ఆపమాకు. నువ్వెట్టాగూ ఉండవు” అని మామ్మ నోరు మూయించింది.

పొద్దున మజ్జిగ, మధ్యాహ్నం స్కూల్లో గుడ్డు, రాత్రికి ఏమీ లేదు. సాయంత్రం చెమట కారాలని ప్లాస్టిక్ వానకోటు తొడుక్కుని గ్రౌండు చుట్టూ పరుగు. నాలుగు రోజులకే కళ్ళు తిరగడం మొదలైంది. మానేద్దామనుకున్న వారమే, శుక్రవారం సాయంత్రం చర్చిలో సిలువ ధ్యానాల కూడికలో పాస్టరు అయ్యగారు లేచి, ‘మన సంఘంలో ఒక చిన్నబిడ్డ నలభై దినాలు ఉపవాసం పూనింది’ అన్నారు. మామ్మ వెళ్ళి చెప్పేసిందన్నమాట. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. పక్క వరసలో ఒకావిడ తన కొడుకు చెవి మెలేసి ‘చూడు, చూసి నేర్చుకో’ అంది. నేను కాళ్ళ వంక చూస్తూ కూర్చున్నాను. ఇక తినాలన్నా తినడానికి లేదు. కొట్టుకెళ్ళి బిస్కెట్లు కొనుక్కున్నా చూసేవాళ్ళున్నారు.

అది చాలదన్నట్టు మామ్మ కూడా రాత్రి భోజనం మానేసింది. ఏటా ఆవిడ శుక్రవారాలే ఉండేది, షుగరు కదా. ‘నువ్వు పస్తుంటే నేను కంచం ముందు కూర్చోనా?’ అంది. మాత్ర వేసుకుని తినకుండా పడుకునేది. చేతులు వణికేవి. నేను చూస్తూనే ఉన్నాను. ఏం అనలేదు. నాలుగేళ్ళయినా ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు మహా కష్టంగా ఉంది.

మార్చి మూడో వారం, బాపట్ల

ఆఖరి రెండు రోజులు నీళ్ళు కూడా మానేయాలన్నారు సార్. చింతపండు చప్పరించి ఉమ్మెయ్యమన్నారు. అయినా ఒకటిన్నర కేజీ మిగిలింది. శుక్రవారం సాయంత్రం చిన్న కాగితం పొట్లంలో సగం మాత్ర ఇచ్చారు.

“ఒంట్లో నీరు లాగేస్తది, అంతే. నేనూ వేసుకున్నా మా రోజుల్లో.”

అది అబద్ధం కాదు. ఆయనా వేసుకున్నారు, ఆయనకీ ఎవరో ఇచ్చారు. మర్నాడు తెల్లారి బస్సెక్కే ముందు మిగతా సగం కూడా ఇచ్చారు.

బాపట్లలో గ్రౌండు పక్క గదిలో కాటా పెట్టారు. మొదటిసారి నిలబడితే నాలుగు వందల గ్రాములు ఎక్కువ. గంట టైమిచ్చారు. వానకోటు వేసుకుని గ్రౌండు చుట్టూ పరిగెత్తాను. నాతో పాటు ఏయే ఊళ్ళనుంచో వచ్చిన పిల్లలు ఏడెనిమిది మంది పరిగెడుతున్నారు.  ఒకమ్మాయి జుట్టు కత్తిరించుకుని వచ్చింది, బరువు తగ్గుతుందని. నాకది అప్పుడు తెలివైన పనిలాగే అనిపించింది.

రెండోసారి యాభై నాలుగు కేజీల తొమ్మిది వందలు. కాటా దగ్గరాయన నా పేరు రాసుకున్నాడు. సార్ నా వీపు తట్టారు. అంత సంతోషం నా జన్మలో ఎప్పుడూ పడలేదు. ఇది కూడా నిజమే, దీన్నెక్కడ పెట్టాలో తెలియడం లేదు.

మొదటి ఆటలోనే కూతకు వెళ్ళాను. ఊపిరి ఉంది, కాళ్ళు లేవు. పిక్కలు రాళ్ళయిపోయాయి. గీత దాటి అవతలికి వెళ్ళింది గుర్తుంది, వెనక్కి రావడం గుర్తులేదు. తర్వాత తెలిసింది, నేను పడిపోతే ఎవరూ పట్టుకోలేదట. పట్టుకోకుండానే పడిపోయిందేంటని అవతలి పిల్లలు బిత్తరపోయారట. సార్ నన్ను చేతులమీద ఎత్తుకుని రోడ్డు దాకా పరిగెత్తారట. చెప్పులు ఊడిపోయినా ఆగలేదని తర్వాత లావణ్య చెప్పింది. లావణ్య మా జట్టులో అందరికన్నా చిన్నది. ఏడో తరగతి. నా వెనకాలే తిరిగేది.

బాపట్ల ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. ఒళ్ళంతా ఎవరో రోకలితో దంచినట్టు నొప్పి. నా మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. అది చూసి నర్సమ్మ మొహం మారింది. నాన్న వచ్చేసరికి తెనాలి తీసుకెళ్ళమన్నారు.

తెనాలి, మొదటి నాలుగు రోజులు

తెనాలిలో పెద్ద డాక్టరుగారు నెమ్మదైన మనిషి. అమ్మని కూర్చోబెట్టి అడిగారు.

“ఏం తిన్నదమ్మా? ఏమన్నా మందులు వాడిందా?”

“మందులేం లేవండి. శ్రమల దినాలు కదండి, ఉపవాసముంటంది. నేను వద్దంటానే ఉన్నానండి.”

డాక్టరుగారు నా వంక చూశారు. “అంతేనామ్మా?”

“అంతేనండి” అన్నాను.

అంత బాధలోనూ అంత చక్కగా ఎలా చెప్పగలిగానో తెలియదు. కాటా దగ్గర జాబితాలో నా పేరు రాసుకున్నారు కదా, మాత్ర సంగతి తెలిస్తే కొట్టేస్తారనుకున్నాను. కిడ్నీలు ఆగిపోతుంటే నేను జాబితా గురించి ఆలోచిస్తున్నాను.

నన్ను డయాలసిస్ మెషీను మీద పెట్టారు. రక్తం బయటికెళ్ళి వస్తుందని చెప్పారు. నాకు తెలిసిందల్లా చలి. దాహం. అన్నాళ్ళు నీళ్ళు మానేసి వచ్చినదానికి ఇక్కడ కూడా నీళ్ళు కొలిచి ఇచ్చారు, కిడ్నీలు కోలుకునేదాకా ఎక్కువ తాగకూడదట. నా మంచం ఎదురుగా గుమ్మం అవతల నీళ్ళ డబ్బా, దానికి గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు. వచ్చేపోయేవాళ్ళు గటగటా తాగి వెళ్ళేవాళ్ళు. వార్డులో తుడిచే ఆయమ్మ ఒకావిడ, నేను ఆ గ్లాసు వంకే చూడటం గమనించి, తలుపు ఓరగా మూసింది. తర్వాత డాక్టరుగార్ని అడిగి మరీ చిన్న ఐసుముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. “చప్పరించమ్మా, మింగమాకు తొందరపడి” అంది. ఆవిడ పేరు అడగలేదు నేను.

బయట వరండాలో ఇనపకమ్మీకి బిగించిన కుర్చీల్లో మావాళ్ళు వరసగా కూర్చునేవాళ్ళు. ఒక చివర అమ్మ, ఒక చివర మామ్మ, మధ్యలో నాన్న. అమ్మ మామ్మతో మాట్లాడటం మానేసింది. ఒక్కసారే అందట, ‘మీ భక్తికి నా పిల్ల బలైపోయింది’ అని. వీళ్ళెవరికీ కనపడకుండా మెట్ల కింద సార్ కూర్చునేవారు. రోజూ రేపల్లె నుంచి పొద్దున రైలుకొచ్చి సాయంత్రం రైలుకి పోయేవారు. నన్ను చూడటానికి లోపలికి మాత్రం రాలేదు.

నాలుగో రోజు మామ్మ ఒక్కతే నా దగ్గరికొచ్చింది. మంచం అంచు పట్టుకుని, మోకాళ్ళ నొప్పులతోనే కింద కూర్చుంది.

“నేనే చంపుకున్నానే తల్లీ. మీ అమ్మ వద్దంటే నోరు మూయించా. చర్చిలో గొప్ప చెప్పుకున్నా. దేవుడు నా గర్వానికి నిన్ను కొట్టాడు.”

అది వినలేకపోయాను. “మామ్మా, నేను దేవుడి కోసం ఉండలేదు” అన్నాను.

“ఏంటే?”

“బరువు తగ్గడానికి ఉన్నా. యాభై ఐదుకి రావాలన్నారు. మాత్ర కూడా వేసుకున్నా.”

మామ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. నా ప్రాణం కుదుటపడుతుందని చెప్పానో, ఆవిడ ప్రాణం కుదుటపడుతుందని చెప్పానో నాకే తెలియదు. చివరికి అడిగింది.

“మరి నీతో పాటు నేనున్నాను కదే. నేనెవరి కోసమున్నట్టు?”

 మామ్మ లేచి వెళ్ళి అమ్మకి చెప్పింది, అమ్మ డాక్టరుగారి గదికి పరిగెత్తింది. ఆయన వచ్చి, “ఈ మాట మొదటి రోజే చెప్పుంటే...” అని ఆగిపోయారు. తిడతారనుకున్నా. నా దుప్పటి సర్ది వెళ్ళిపోయారు. మందులు మార్చారు. మాత్ర ఎవరిచ్చారని మాత్రం నేను చెప్పలేదు. గ్రౌండులో ఇచ్చారు అన్నాను, అంతే.

తెనాలి, రెండో వారం

డాక్టరుగారు కబురు పెడితే పిల్లల సంగతులు చూసే ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చారు. కాటన్ చీర, చేతిలో మడతలు పడ్డ ఫైలు. అమ్మానాన్నల్ని బయట కూర్చోమని, నా పక్కన స్టూలేసుకుని కూర్చున్నారు.

“ఎవరూ బలవంతం చెయ్యలేదండి” అన్నాను, ఆవిడ నోరు తెరవకముందే.

“బలవంతం చేశారా అని నేనడగలేదమ్మా. వద్దు అని అనొచ్చని నీకెవరైనా చెప్పారా?”

నేను తెల్లమొహం వేశాను. అలా అనొచ్చని ఎవరైనా చెప్తారా? ఆడాలంటే చెయ్యాలి, చేస్తే ఆడొచ్చు. నాకు తెలిసింది అంతే. ఆవిడ మెల్లగా చెప్పారు. ఆడుకోవడం నీ హక్కు, తినడం నీ హక్కు, ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోమనే అధికారం ఎవరికీ లేదు అన్నారు. అర్థమైనట్టే ఉంది గానీ, అర్థమైనకొద్దీ భయమేసింది. నేను చెప్తే సార్ ఏమైపోతారు? గ్రౌండు ఏమవుతుంది?

“ఆలోచించుకో. మంగళవారం మళ్ళీ వస్తా. చెప్పకపోయినా నీ మీద కోపం రాదు” అని వెళ్ళారు.

ఆ సాయంత్రం నాన్న వచ్చి కూర్చున్నారు. చాలాసేపు గోళ్ళు గిల్లుకున్నారు.

“సార్ పేరు తీసుకురామాకమ్మా. మంచాడు. ఊళ్ళో ఇంకెవరున్నారు ఆడపిల్లలకి ఆట నేర్పడానికి? రేపు స్పోర్ట్స్ కోటాలో సీటొస్తే...” అని ఆగారు. తర్వాత, “నేను సంతకం పెట్టా” అన్నారు.

“దేని మీద?”

“సార్ కాగితం తెచ్చారు. ట్రైనింగులో ఏం జరిగినా బాధ్యత మాదేనని. నువ్వు వానకోటేసుకుని పరిగెత్తడం గోడ మీంచి చూశా. ఉపవాసముండి ఈ పరుగేంటని అడుగుదామనుకున్నా. అడగలా.”

నా ఒంటి గురించి ఇద్దరు పెద్దవాళ్ళు ఒక కాగితం రాసుకున్నారు. అందులో నా పేరుందట. నాకు చూపించలేదు. నాన్న ఏడుస్తున్నారు, నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో, విదిలించుకోవాల్సిందో కాదో తెలియదు.

మర్నాడు సార్ లోపలికొచ్చారు, మొదటిసారి. ఫ్లాస్కులో బార్లీ నీళ్ళు తెచ్చారు. మనిషి సగమైపోయారు. ఫ్లాస్కు కింద పెట్టి, పైకి చూడకుండా అడిగారు.

“నేను నిన్ను బలవంతం చేశానా కరుణా?”

“లేదు సార్.”

“మరి ఆ మేడమ్‌కి అదే చెప్తావుగా?”

తలూపాను. ఆయన నా కాళ్ళ మీద దుప్పటి కప్పి వెళ్ళిపోయారు. నేను అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పినట్టూ లేదు. మంగళవారం మేడమ్ వస్తే ఏమీ లేదని చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. అప్పుడు బాగా నిద్రపట్టింది కూడా.

ఆదివారం లావణ్య వచ్చింది, వాళ్ళమ్మతో. రెండు జడలు, రిబ్బన్లు. కమలాపళ్ళు తెచ్చారు, నేను తినకూడదని తెలియక. వాళ్ళమ్మ మా అమ్మతో మాట్లాడటానికి వరండాలోకి వెళ్ళగానే ఇది మంచం మీదికి ఎగబాకి నా చెవి దగ్గర నోరు పెట్టింది.

“అక్కా, నీ ప్లేసులో నన్ను పెడతానన్నారు సార్. నెల్లో ఇంకో సెలక్షనుందంట. నన్ను ఇంకా చిన్నవాళ్ళ జట్టుకి కూడా ఆడిస్తారంట, దానికి రెండు కేజీలు ఎక్కువున్నా.”

“మాత్రేమన్నా ఇచ్చారా?”

“ఇవ్వలా. ఈసారి మాత్రలొద్దు, పరుగు చాలన్నారు.” ఇంకా దగ్గరికి జరిగింది. “మీ ఇంట్లో ఉపవాసం అన్నావంటగా. మేం శనివారం ఒంటిపూటుంటాం అంతే, అది కూడా అమ్మే. నన్ను ఉండనివ్వరు. నేనేం చెప్పాలక్కా? నువ్వు చెప్పావుగా, నాక్కూడా ఏదోటి చెప్పవా?”

‘ఏదోటి’ అన్న సార్ మాటే ఆ పిల్ల నోట్లోంచి విన్నాను. దాని చేతులు చూశాను. పుల్లల్లా ఉన్నాయి. ఆ చేతుల్లోంచి రెండు కేజీలు ఎక్కడినుంచి తీస్తారు? నేను అబద్ధం బాగా చెప్తానని నమ్మి, తెనాలి దాకా రైలెక్కి వచ్చింది, ఒకటి అడిగి తీసుకెళ్దామని.

“ఏం చెప్పమాకు. అన్నం తిను” అన్నాను.

“అన్నం తింటే ఆడనివ్వరుగా?” అంది. కోపంగా చూసి దిగి వెళ్ళిపోయింది.

మంగళవారం మేడమ్ వచ్చారు. రొయ్యల షెడ్డు నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. మాత్ర, పొట్లం, వానకోటు, కాగితం. నా ఉపవాసం సంగతి కూడా చెప్పాను, అది నేనే కల్పించానని. సార్ నన్ను ఎత్తుకుని పరిగెత్తిన సంగతి కూడా రాయండి అన్నాను. ఆవిడ రాశారు. చెప్పులు ఊడిపోయిన సంగతి కూడా రాయండి అంటే, ఒక్క క్షణం నా మొహం చూసి, అదీ రాశారు.

ఆ తర్వాత

ఈస్టరుకి ఇంట్లోనే ఉన్నాను. అయ్యగారు ఇంటికొచ్చారు. ఆయనకి మామ్మే చెప్పేసింది. గద్దిస్తారనుకుని మంచం మీద ముడుచుకున్నా. “నిన్ను పొగిడే ముందు నీతో ఒక్క మాట మాట్లాడాల్సిందమ్మా. పద్నాలుగేళ్ళ పిల్ల నలభై రోజులు ఎందుకు తినదో నేను అడగాల్సింది” అన్నారు. అందరూ అడగాల్సిందనే అంటున్నారు. అడిగి ఉంటే నేను నిజం చెప్పేదాన్నా? ఏమో.

స్కూలువాళ్ళు సార్‌ని గ్రౌండుకి రావద్దన్నారు. జట్టు చెదిరిపోయింది. కొన్నాళ్ళు గ్రౌండు ఖాళీగా ఉండి, తర్వాత అందులో స్కూటర్లు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ దారిన వెళ్ళాల్సొస్తే నేను చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. జట్టులో పిల్లల తల్లులు కొందరు మా అమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకోవడం మానేశారు. లావణ్య నాతో మాట్లాడటం మానేసింది. ‘నీవల్లే’ అని ఒకే మాట, స్కూలు గేటు దగ్గర.  నాన్న ఇప్పుడు ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా, అది కరెంటు ఆఫీసు కాగితమైనా సరే, తెచ్చి నాకు చూపిస్తారు.

సార్ ఒకసారి బస్టాండులో ఎదురయ్యారు. తప్పుకుందామనుకున్నాను, ఆయనే ఆగారు. “నీళ్ళు తాగుతున్నావా?” అన్నారు. “తాగుతున్నా సార్” అన్నాను. అంతే మాట్లాడుకున్నాం. ఇంటికొచ్చి బోలెడంత ఏడ్చాను. ఆయన మీద కోపంతోనా, ఆయన కోసమా అని అమ్మ అడిగింది. తెలిస్తే చెప్పనూ?

మామ్మ మళ్ళీ ఒట్టి శుక్రవారాలకే దిగింది. మొన్న శ్రమల దినాల్లో నా కంచంలో తనే అన్నం పెట్టి, నెయ్యి వేసి, ఎదురుగా కూర్చుని కాపలా కాసింది. “ఆ రోజులన్నీ నేను నీకోసం ఉన్నాననుకుంటాలే” అంది. అనుకుంటే నిజమవుతుందా అని అడగబోయి, అన్నం తిన్నాను.

ఇప్పుడు నేను బాపట్లలో డిగ్రీ చదువుతున్నాను. ఆడొద్దన్నారు, చూడొచ్చు. సాయంత్రాలు కాలేజీ గ్రౌండులో పిల్లలు ఆడుతుంటే నీళ్ళ సీసా పట్టుకుని చూస్తాను. కూత వినపడితే నాకు తెలియకుండానే ఊపిరి బిగబడతాను.

పోయిన నెల, మధ్యాహ్నం క్లాసుల మధ్య, తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

“అక్కా, నేను లావణ్యని.”

నాలుగేళ్ళ తర్వాత అదే గొంతు, కాస్త లావైంది. ఇప్పుడది ఇంటర్ చదువుతోందట, హాస్టల్లో ఉందట, ఆడుతోందట.

“ఇక్కడ కొత్త కోచ్ మూడు కేజీలు తగ్గమన్నాడక్కా. పది రోజుల్లో.”

కూర్చున్న మెట్టు మీంచి లేచాను. “నువ్వేమన్నావు?”

“మా అమ్మకి ఫోన్ చేసి, డాక్టరుని అడిగి చెప్తానన్నా.”

“ఆయనేమన్నాడు?”

“ఏమన్లా. తిట్టలా కూడా. ఇంకో అమ్మాయిని తీసుకున్నాడు.”

శభాష్ అందామని నోరు తెరిచాను.  ఆ ఇంకో అమ్మాయి ఎవరో, వాళ్ళింట్లో ఏం చెప్తుందో అనుకున్నాను. లావణ్య ముక్కు ఎగబీల్చడం వినపడింది.

“ఏడుస్తున్నావా?”

“ఊఁ.”

“ఆ అమ్మాయి పేరు చెప్పు, తెనాలిలో నా దగ్గరికొచ్చిన ఆ మేడమ్‌కి ఫోన్ చేస్తా. ఇప్పుడే చేస్తా.”

చెప్పింది. చేతిమీద రాసుకున్నాను.

“అన్నం తిన్నావా?” అన్నాను.

“తింటన్నా.”

నిజంగానే తింటోంది. ఏడుస్తూ తింటోంది. కంచం చప్పుడు, నమిలే చప్పుడు ఫోన్లో వినపడుతోంది. క్లాసుకి బెల్లు కొట్టారు. నేను వెళ్ళలేదు. అది తినడం అయిపోయి, చెయ్యి కడుక్కుని, “ఉంటానక్కా” అనేదాకా ఫోను చెవికి పెట్టుకుని అక్కడే నిలబడ్డాను.